కొలెస్ట్రాల్ తక్కువ, లివర్‌లో మాత్రం కొవ్వు: హెపటైటిస్ సి చేసే పని

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ఖమ్మం దగ్గర పల్లె. మా ఆయనకు 51 ఏళ్లు. హెర్నియా ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్షలు చేస్తే హెపటైటిస్ సి పాజిటివ్ అన్నారు. తర్వాత వైరల్ లోడ్ పరీక్ష చేయించాం, అందులోనూ వైరస్ ఉందనే వచ్చింది. లివర్ ఎంజైమ్ ఎస్‌జీపీటీ 88. స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని రాశారు. కానీ లిపిడ్ ప్రొఫైల్ చూస్తే మొత్తం కొలెస్ట్రాల్ 121, ఎల్‌డీఎల్ 56. మనిషి సన్నగా ఉంటారు, మందు అలవాటు లేదు. మా అత్తమ్మ మాత్రం "తాగనోడికి లివర్ ఎందుకు పాడైతది, మీకు తెలియకుండా తాగుతుండు" అని రోజూ గొడవ. మా తమ్ముడేమో ఈ వైరస్ కొవ్వు మీదే బతుకుతుందని చదివాడట, కొవ్వు ఆపేస్తే అదే చస్తుందన్నాడు. అప్పటినుంచి ఇంట్లో నూనె, నెయ్యి, గుడ్డు, పాలు అన్నీ బంద్. ఆయన ఇంకా చిక్కిపోయారు. 1994లో లారీ యాక్సిడెంట్ అయినప్పుడు ఆయనకు రక్తం ఎక్కించారు, అది తప్ప వేరే ఏం లేదు. రోజూ పొద్దున గ్యాస్ ట్యాబ్లెట్ వేసుకుంటారు. కొలెస్ట్రాల్ అంత తక్కువుంటే లివర్‌లో కొవ్వు ఎట్లా వచ్చింది? తిండి సంగతి ఏం చేయమంటారు? మందులు వాడితే తగ్గుతుందా?

జవాబు: ముందు మీ అత్తమ్మ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే జబ్బు కంటే ఆ గొడవే మీ ఇంట్లో ఎక్కువ నష్టం చేస్తున్నట్టుంది. మీ ఆయన చాటుగా తాగుతున్నారని ఈ రిపోర్టుల్లో ఎక్కడా లేదు. సన్నటి మనిషి, మందు లేదు, కొలెస్ట్రాల్ మామూలు కంటే తక్కువ, లివర్‌లో కొవ్వు, పైగా హెపటైటిస్ సి. ఈ ఐదూ ఒకే మనిషిలో కనిపిస్తే లివర్ డాక్టర్లకు ఆశ్చర్యం ఉండదు, ఈ వైరస్ చేసే పని ఇదేనని వాళ్లకు తెలుసు. మీకు ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తున్న ఆ రెండు రిపోర్టులకూ, అంటే రక్తంలో తక్కువ కొలెస్ట్రాల్‌కీ లివర్‌లో ఎక్కువ కొవ్వుకీ, చాలావరకు కారణం ఒక్కటే.

అదెలాగో చెప్పాలంటే లివర్ మామూలుగా ఏం చేస్తుందో ఒక నిమిషం చూడాలి. మనం తిన్న కొవ్వు, పిండిపదార్థం నుంచి లివరే తయారుచేసుకున్న కొవ్వు, కొలెస్ట్రాల్, ఇవన్నీ నూనె జాతివి కాబట్టి నీళ్లలాంటి రక్తంలో కలవవు. అందుకని లివర్ వాటిని ప్రొటీన్లతో చుట్టి చిన్న చిన్న రేణువులుగా చేసి రక్తంలోకి వదులుతుంది. లివర్ నుంచి మొదట బయటికి వచ్చేది వీఎల్‌డీఎల్. దారిలో శరీరమంతా కొవ్వు పంచుకుంటూ పోయి అది చివరికి ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అంటామే, అది) అవుతుంది, మీ రిపోర్టులో 56 అని ఉన్నది దాని లెక్కే. మిగిలిపోయిన రేణువుల్ని లివరే మళ్లీ లోపలికి లాక్కుంటుంది, దానికి లివర్ కణాల మీద ప్రత్యేకమైన గ్రాహకాలు ఉంటాయి. అంటే లివర్‌కీ రక్తానికీ మధ్య కొవ్వు రాకపోకలు రాత్రీ పగలూ ఆగవు.

హెపటైటిస్ సి వైరస్ ఈ రాకపోకల్నే వాడుకుంటుంది. పెళ్లి బస్సులో చుట్టాల మధ్య కూర్చుని టికెట్ లేకుండా ఊరు దాటే దొంగలాంటిది ఇది: రక్తంలో ఒంటరిగా తిరగదు, కొవ్వు రేణువులతో కలిసిపోయి తిరుగుతుంది. రోగుల రక్తంలో ఈ వైరస్ కొవ్వు రేణువులకు అతుక్కుని ఉందని 1992లోనే గమనించారు, అంటే వైరస్‌ని కనిపెట్టిన మూడేళ్లకే (1989లో కనిపెట్టారు, దాని మీద పనిచేసిన హార్వీ ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ వచ్చింది). తర్వాత ల్యాబులో పెంచిన వైరస్‌ని విడదీసి చూస్తే దాని ఒంటి మీదున్న కొవ్వులో దాదాపు సగం కొలెస్ట్రాల్ ఎస్టర్లే (కొలెస్ట్రాల్ నిల్వ ఉండే రూపం), వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్ రేణువుల్లో ఉండే సరుకులాంటిదే. అప్పటిదాకా పరిశీలించిన వేరే వైరస్‌లలో ఇలాంటి కొవ్వు కూర్పు కనిపించలేదు. ఈ వేషం వల్ల దానికి రెండు లాభాలు. మన రోగనిరోధక శక్తి తయారుచేసే యాంటీబాడీలకు అది సులభంగా చిక్కదు, టీకా ఇప్పటికీ రాకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. రెండోది, లివర్ తనంతట తానే లోపలికి లాక్కునే రేణువుల్లో ఇదీ ఒకటిగా కనిపిస్తుంది కాబట్టి దారి సుళువు.

లివర్ కణం తలుపు దగ్గర అది పట్టుకునే వాటిల్లో చాలా భాగం కొలెస్ట్రాల్ కోసం ఉన్నవే. ఎల్‌డీఎల్‌ని లాక్కునే గ్రాహకం ఒకటి. మంచి కొలెస్ట్రాల్ అంటామే, ఆ హెచ్‌డీఎల్‌ని పట్టుకునే ఎస్‌ఆర్-బీ1 ఇంకొకటి. ఎన్‌పీసీ1ఎల్1 అని మూడోది ఉంది, ఎజెటిమైబ్ అనే కొలెస్ట్రాల్ మందు పనిచేసేది దాని మీదే. వీటితో పాటు సీడీ81, క్లాడిన్, ఆక్లూడిన్ అని ఇంకా ఉన్నాయి, ఆ పేర్లు మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

లోపలికి వెళ్లాక అసలు పని మొదలవుతుంది. కణం లోపల ఉండే పొరల్ని (ఇవీ కొవ్వుతో చేసినవే) అది మెలితిప్పి చిన్న చిన్న బుడగల సముదాయంలా మార్చుకుంటుంది. ఆ బుడగల పొరల్లో కొలెస్ట్రాల్ ఎక్కువ. వాటి చాటున కూర్చుని తన జన్యుపదార్థానికి, అంటే ఆర్‌ఎన్‌ఏకి నకళ్లు తీసుకుంటుంది. లివర్ కణాల్లో సహజంగానే కొవ్వు బొట్లు ఉంటాయి. వైరస్ తాలూకు కోర్ ప్రొటీన్ (దాని ఆర్‌ఎన్‌ఏని చుట్టి ఉండే ప్రొటీన్) వెళ్లి ఆ బొట్ల చుట్టూ అతుక్కుంటుంది. కొత్త వైరస్‌ల కూర్పు ఈ బొట్ల దగ్గరే జరుగుతుందని 2007లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. అంతకు రెండేళ్ల ముందు వరకూ ల్యాబులో ఈ వైరస్‌ని సరిగా పెంచడమే కుదరలేదు, 2005లో ఒక జపాన్ రోగి నుంచి తీసిన రకం ల్యాబులో పెరగడం మొదలయ్యాకే ఇవన్నీ బయటపడ్డాయి. కోర్ ప్రొటీన్ ఆ బొట్టు దాకా చేరాలంటే డీజీఏటీ1 అనే మన సొంత ఎంజైమ్ సాయం కావాలి, అది ఉన్నదే కొవ్వు తయారీకి. ఇక కూర్పు అయిపోయాక బయటికి వచ్చేదీ వీఎల్‌డీఎల్ తయారయ్యే దారిలోనే, అపో-ఈ అనే కొవ్వు ప్రొటీన్‌ని ఒంటికి తగిలించుకుని.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. లివర్ నుంచి కొవ్వు బయటికి వెళ్లాలంటే దాన్ని రేణువుగా కూర్చే ఎంటీపీ అనే ప్రొటీన్ ఒకటి సరిగా పనిచేయాలి. కోర్ ప్రొటీన్ దాన్ని మందగింపజేస్తుంది. అటు కొవ్వు తయారుచేసే యంత్రాంగాన్ని రెచ్చగొడుతుంది, ఇటు కొవ్వుని కాల్చేసే పనిని తగ్గిస్తుంది. తయారీ ఎక్కువ, కాల్చడం తక్కువ, బయటికి పంపడం తక్కువ. ఇంకేముంది, లివర్‌లో పేరుకుంటుంది. బయటికి వచ్చే వీఎల్‌డీఎల్ తగ్గింది కాబట్టి దాని నుంచి తయారయ్యే ఎల్‌డీఎల్ కూడా రక్తంలో తగ్గుతుంది. స్కానింగ్‌లో గ్రేడ్ 2 అనీ, లిపిడ్ ప్రొఫైల్‌లో 56 అనీ రాసింది వేరువేరు ల్యాబులు కావొచ్చు, రెండూ చెబుతున్నది మాత్రం ఒకే సంగతి.

ఇందులో రకాన్ని బట్టి తేడా ఉంది. ఈ వైరస్‌లో జన్యురకాలు చాలా ఉన్నాయి, మన దేశంలో ఎక్కువగా కనిపించేది 3వ రకం. లివర్‌లో నేరుగా కొవ్వు పట్టించడంలో, కొలెస్ట్రాల్ తగ్గించడంలో అన్నిటికంటే ముందుండేది కూడా ఇదే. 3వ రకం ఉన్నవాళ్లలో వైరల్ లోడ్ ఎంత ఎక్కువైతే లివర్‌లో కొవ్వు అంత ఎక్కువ ఉండే పోకడ కనిపిస్తుంది, వైరస్ పోతే ఆ కొవ్వూ తగ్గుతుంది. 1వ రకంలో కథ వేరు, అక్కడ పొట్ట, బరువు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం లాంటివాటి పాత్ర ఎక్కువ. మీ ఆయనది ఏ రకమో మీరు రాయలేదు, పరీక్ష చేసి ఉండకపోవచ్చు. ఇప్పుడొస్తున్న మందులు అన్ని రకాల మీదా పనిచేస్తాయి కాబట్టి చాలాచోట్ల జన్యురకం పరీక్ష చేయకుండానే మందులు మొదలుపెడతారు, దానికి ఆందోళన వద్దు. అయితే సన్నగా ఉండి, తాగకుండా, ఎల్‌డీఎల్ ఇంత తక్కువుండి లివర్‌లో కొవ్వున్న మనిషిని చూస్తే నా ఊహ 3వ రకం వైపే పోతుంది. ఒక్క మాట, సన్నగా ఉన్నవాళ్లకి మామూలు ఫ్యాటీ లివర్ రాదనేం లేదు, మనవాళ్లలో సన్నటి ఒంటికి కూడా షుగరూ కొవ్వూ వస్తాయి. అందుకే పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) చేయించకపోయి ఉంటే చేయించండి. ఈ వైరస్ ఇన్సులిన్ పనిని కూడా చెడగొడుతుంది.

మీ తమ్ముడు చదివింది అబద్ధం కాదు, కానీ దాన్నుంచి అతను తీసుకున్న నిర్ణయం తప్పు. వైరస్‌కి కొవ్వు కావాలి, నిజమే. కానీ అది వాడుకునేది మీరు కడాయిలో పోసే వేరుశనగ నూనెని కాదు. లివర్ కణం తన కొవ్వుని తానే తయారుచేసుకుంటుంది, అన్నం నుంచి, చక్కెర నుంచి, ఏమీ తినకపోతే ఒంట్లో నిల్వున్న కొవ్వు నుంచి. మీరు నూనె పూర్తిగా మానేసినా ఆ కణంలో కొవ్వు బొట్లు ఉంటాయి, పొరల్లో కొలెస్ట్రాల్ ఉంటుంది, అవి లేకపోతే ఆ కణమే బతకదు. పస్తులు పెట్టి ఈ వైరస్‌ని చంపిన మనిషి ఎవరూ లేరు. అసలే సన్నటి మనిషికి గుడ్డూ పాలూ నూనే ఆపేసి ఇంత అన్నం, చారు పెడితే ఏమవుతుంది, ప్రొటీన్ తగ్గి కండ కరిగిపోతుంది, అన్నం ఎక్కువై లివర్‌లో కొవ్వు ఇంకాస్త పెరుగుతుంది. మీరు మంచి అనుకుని చేస్తున్నది సరిగ్గా ఇదే. ఈ రోజే ఆపేయండి.

గుడ్డు పెట్టండి. పప్పు, పెరుగు, పాలు, చేప, చికెన్, ఆయన తినేదేదైనా పెట్టండి. కూరల్లో మామూలుగా నూనె వేయండి, అన్నంలో ఒక చెంచా నెయ్యి వేసుకుంటే లివర్‌కి ఏమీ కాదు. తగ్గించాల్సినవి వేరే ఉన్నాయి: టీలో చక్కెర, కూల్‌డ్రింకులు, స్వీట్లు, బేకరీ సరుకు, మాడిన నూనెలో పదేపదే వేయించిన బజ్జీలు, మూడు పూటలా కంచం నిండా తెల్లన్నం. కాఫీ అలవాటుంటే ఉండనివ్వండి, కాఫీ తాగేవాళ్లలో లివర్ గట్టిపడటం కొంచెం తక్కువని చాలా చోట్ల చూశారు. అందులో మూడు చెంచాల చక్కెర పోస్తే మాత్రం లెక్క తప్పుతుంది. మందు మాత్రం చుక్క కూడా వద్దు, పెళ్లిళ్లలో సైతం. ఇది అత్తమ్మ అనుమానం గురించి అంటున్న మాట కాదు, ఈ వైరస్ ఉన్న లివర్‌కి ఎవరికైనా చెప్పే మాటే.

ఇక లివర్ అనగానే మన వైపు ఎవరో ఒకరు పసరు మందు పోస్తానంటారు, నేల ఉసిరి నూరి ఇస్తామంటారు. కొన్ని రకాల కామెర్లు తమంతట తామే తగ్గిపోతాయి, ఆ పేరు పసరుకి వచ్చింది. హెపటైటిస్ సి అలా తగ్గే జబ్బు కాదు. వైరస్ ఒంట్లోకి వచ్చిన కొత్తలో, ఆరు నెలల లోపు, కొంతమందిలో దానంతటదే పోతుంది. మీ ఆయనది 1994 నాటి రక్తం వల్లే అయి ఉంటే ఆ అవకాశం ఎప్పుడో దాటిపోయింది. (ఆ అనుమానం సబబుగానే ఉంది. మన దేశంలో రక్తదానంలో ఈ వైరస్ పరీక్ష తప్పనిసరి అయింది 2000 తర్వాతే.) అంతకంటే ముఖ్యంగా, ఏమున్నాయో తెలియని ఆకుమందులు లివర్‌ని దెబ్బతీసిన కేసులు తక్కువేం కాదు.

మీ తమ్ముడికి ఇంటర్నెట్‌లో ఇంకో రెండు సంగతులు కూడా దొరికే ఉంటాయి, అవీ చెప్పేస్తాను. ఒకటి, పంపరపనస జాతి పండ్లలో ఉండే నారింజెనిన్ అనే పదార్థం ల్యాబులో లివర్ కణాల నుంచి వైరస్ బయటికి రాకుండా తగ్గించిందని. నిజమే, అది వీఎల్‌డీఎల్ విడుదలని తగ్గిస్తుంది, దాంతో పాటు వైరస్ విడుదలా తగ్గింది. కానీ అది గాజు పళ్లెంలో కణాల మాట, పండు తిన్న మనిషి మాట కాదు. రెండోది స్టాటిన్లు, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలు. వైరస్ నకళ్లు తీసుకోవడానికి కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే పుట్టే ఇంకో పదార్థం కూడా కావాలి, స్టాటిన్లు ఆ దారిని మొదట్లోనే మూసేస్తాయి కాబట్టి ల్యాబులో వైరస్ తగ్గింది. మనుషుల్లో అవి ఒక్కటే వాడితే వైరస్ పోలేదు. అందుకని మందుల షాపుకెళ్లి ఒక అట్ట తెచ్చేసుకోవద్దు. గుండె కోసం డాక్టరు ముందే స్టాటిన్ రాసి ఉన్నవాళ్లు లివర్ జబ్బుంది కదా అని భయపడి తమంతట తాము ఆపేయక్కర్లేదు కూడా.

మందుల సంగతికొస్తే, ఇక్కడ మీకు మంచి కబురే. పదిహేనేళ్ల కిందట ఇదే ప్రశ్న వచ్చి ఉంటే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ల గురించి రాయాల్సి వచ్చేది, నెలల తరబడి జ్వరం, నీరసం, దిగులు, అయినా చాలామందికి తగ్గేది కాదు. పైగా లివర్‌లో కొవ్వున్నవాళ్లలో అది ఇంకా తక్కువ పనిచేసేది. ఇప్పుడు వాడేవి మాత్రలు, నేరుగా వైరస్ ప్రొటీన్ల మీద పనిచేస్తాయి. సోఫోస్‌బువిర్ అనే మాత్రకి 2013 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాల కోర్సు 84,000 డాలర్లు. మన దేశంలో మన కంపెనీలే 2015 నుంచి తయారుచేసి అమ్మడంతో ధర ఎక్కడికో దిగిపోయింది. 2018 జులై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టాక ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలూ మందులూ రెండూ ఉచితం. మీ జిల్లా పెద్దాసుపత్రికి వెళ్లి హెపటైటిస్ ట్రీట్‌మెంట్ సెంటర్ ఎక్కడని అడగండి, అప్పులు చేసి ప్రైవేటులో కొనాల్సిన పని లేదు.

లివర్ గట్టిపడని వాళ్లకి సాధారణంగా సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ కలిపి 12 వారాలు. సిరోసిస్ (లివర్ మచ్చలు పడి బాగా గట్టిపడిపోవడం) ఉంటే సోఫోస్‌బువిర్‌తో వెల్‌పటాస్‌విర్. సిరోసిస్ ముదిరి పొట్టలో నీరు చేరడం లాంటివి మొదలైతే ఇంకో మందు కలపడమో, 24 వారాలు ఇవ్వడమో చేస్తారు. సరిగా వాడితే నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. అదుపులో ఉండటం కాదు, పోవడం. లివర్‌లో కొవ్వుందని ఈ మందులు తక్కువ పనిచేయవు, కాబట్టి "ముందు కొవ్వు తగ్గించుకుని తర్వాత మందులు" అని ఎవరన్నా సలహా ఇస్తే వినకండి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టిన మాట ఏంటో తెలుసా, ఆ పొద్దుటి గ్యాస్ ట్యాబ్లెట్. మన ఇళ్లలో పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ మంచినీళ్లలా తాగేస్తారు, అడిగితే "మందులేం వాడట్లేదండీ" అంటారు, గ్యాస్ ట్యాబ్లెట్ మందుల లెక్కలోకే రాదు. వెల్‌పటాస్‌విర్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి, ఈ మాత్రలు ఆ ఆమ్లాన్నే ఆపేస్తాయి. కోర్సంతా క్రమం తప్పకుండా మింగినా మందు పూర్తిగా ఒంటికి పట్టకపోయే ప్రమాదం ఉంది. డక్లాటాస్‌విర్‌తో ఈ ఇబ్బంది పెద్దగా లేదు. ఏది రాసినా సరే, గ్యాస్ ట్యాబ్లెట్ వాడుతున్నారని మొదటి రోజే చెప్పండి, ఆ అట్ట చేతిలో పట్టుకెళ్లండి. నిజంగా అవసరం లేకపోతే ఆపేస్తారు, అవసరమైతే ఎప్పుడు ఎలా వేసుకోవాలో చెబుతారు. అలాగే గుండె దడకి అమియోడరాన్ వాడేవాళ్లకి సోఫోస్‌బువిర్‌తో కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు, మీ ఆయన వాడుతున్నట్టు రాయలేదు కానీ ఇది చదివే వేరేవాళ్లకి ఉపయోగం. స్టాటిన్ వాడేవాళ్లు కూడా చెప్పాలి, ఈ మాత్రలతో కొన్ని స్టాటిన్ల మోతాదు రక్తంలో పెరిగి కండరాల నొప్పులు రావొచ్చు. షుగర్ మందులు వాడేవాళ్లయితే వైరస్ తగ్గేకొద్దీ షుగర్ పడిపోవచ్చు, తరచుగా చూసుకోవాలి.

మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు మర్చిపోవద్దు. ఒకటి హెపటైటిస్ బి, అంటే హెచ్‌బీఎస్ఏజీ. సి పోగానే దాగి ఉన్న బి విజృంభించిన కేసులున్నాయి. రెండోది లివర్ ఎంత గట్టిపడిందో చూడటం. మామూలు స్కానింగ్‌లో గ్రేడ్ 2 అన్నది చూసినవాళ్ల అంచనాని బట్టి ఉంటుంది, అది కొవ్వు గురించే తప్ప గట్టిదనం గురించి చెప్పదు. దొరికితే ఫైబ్రోస్కాన్ చేయించండి, కొవ్వూ గట్టిదనమూ రెండూ తెలుస్తాయి, నొప్పి ఉండదు. దొరక్కపోతే వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లతో ఫిబ్-4 అనే లెక్క వేసి డాక్టరు ఒక అంచనాకొస్తారు. 1994 నుంచి వైరస్ ఉందనుకుంటే ముప్పై ఏళ్లు, ఈ లెక్క తేలికగా వదిలేసేది కాదు. హెర్నియా ఆపరేషన్ కూడా దీని మీదే ఆధారపడుతుంది. లివర్ బాగుంటే వైరస్ ఉందని ఆపరేషన్ ఆగక్కర్లేదు, సిరోసిస్ ఉంటే మాత్రం ముందు లివర్ డాక్టరు మాట వినాలి.

వైరస్ పోయాక జరిగే ఒక సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. ఎల్‌డీఎల్ పెరుగుతుంది. ఇప్పుడు 56 ఉన్నది చూసి "మా ఆయనకి కొలెస్ట్రాల్ సమస్యే లేదు" అనుకుంటే పొరపాటు, అది ఆయన సొంత అంకె కాదు, వైరస్ తొక్కిపెట్టిన అంకె. మందులు పనిచేసి లివర్ మళ్లీ కొవ్వుని బయటికి పంపడం మొదలుపెడితే అసలు అంకె బయటపడుతుంది, కొందరిలో అది వంద దాటుతుంది, ఇంకా పైకీ పోతుంది. అప్పుడు "ఈ మాత్రల వల్ల కొలెస్ట్రాల్ వచ్చింది" అని ఇల్లంతా గగ్గోలు పెట్టుకోవద్దు. కోర్సు అయిపోయిన 12 వారాలకి వైరస్ పోయిందో లేదో చూసే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఎలాగూ చేస్తారు, అదే రోజు లిపిడ్ ప్రొఫైల్, షుగర్ కూడా చేయించండి. యాభై దాటిన మగమనిషి, బీపీ ఉంటే, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉంటే, ఆ కొత్త అంకెని బట్టి స్టాటిన్ కావాలేమో అప్పుడు డాక్టరు తేలుస్తారు. లివర్‌లో కొవ్వు సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది. వైరస్ తెచ్చిన కొవ్వయితే తగ్గుతూ పోతుంది. వైరస్ పోయి చాలా నెలలైనా స్కానింగ్‌లో అలాగే ఉంటే అది తిండి, షుగర్ తాలూకుది, దానికి నడక, అన్నం తగ్గించుకోవడం తప్ప వేరే దారి లేదు. సిరోసిస్ ఉన్నట్టు తేలితే మాత్రం వైరస్ పోయినా ఆరు నెలలకోసారి స్కానింగ్ జీవితాంతం చేయించుకోవాలి, లివర్ క్యాన్సర్ భయం పూర్తిగా పోదు.

మీరూ ఒకసారి యాంటీబాడీ పరీక్ష చేయించుకోండి. భార్యాభర్తల మధ్య ఇది అంత తేలికగా రాదు, కానీ ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు కదా, తెలుసుకుంటే మంచిది. ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టి ఉంటే తీసేయండి, తిండి వల్లా దగ్గరగా కూర్చోవడం వల్లా ఇది రాదు. రక్తం అంటుకునే వస్తువులు, అంటే షేవింగ్ బ్లేడు, గోళ్ల కత్తెర, టూత్‌బ్రష్, ఇవి మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి. మంగలి షాపులో కొత్త బ్లేడు వేయించుకోండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే సిరంజి మీ కళ్ల ముందే కవర్ చించాలి. ఒకసారి తగ్గినా మళ్లీ వైరస్ సోకితే మళ్లీ వస్తుంది, రక్షణ ఏమీ మిగలదు.

చివరిగా కాగితాల సంగతి. వైరస్ పూర్తిగా పోయినా యాంటీబాడీ పరీక్ష మాత్రం ఏళ్ల తరబడి, చాలామందిలో జీవితాంతం, పాజిటివ్ అనే చూపిస్తుంది. రేపు ఇంకో ఆపరేషన్‌కి వెళ్తే ల్యాబువాళ్లు మళ్లీ పాజిటివ్ అని రాస్తారు, మళ్లీ ఇంట్లో ఏడుపులు. అందుకే 12 వారాల తర్వాత వచ్చే ఆ ఆర్‌ఎన్‌ఏ నెగెటివ్ రిపోర్టుని జిరాక్స్ తీయించి ఫైల్‌లో పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో కూడా ఉంచుకోండి, ఎవరడిగినా అది చూపించండి. రక్తదానం మాత్రం ఇక చేయకూడదు.